జలవిద్యుత్ కేంద్రాల నీటి విడుదల: నదులు, చేపలు

జలవిద్యుత్ కేంద్రం నీటిని ఖర్చు చేయదు. టర్బైన్‌ను తిప్పిన నీరు మళ్లీ నదిలోకే వస్తుంది. పొగ లేదు, బూడిద లేదు. అందుకే ఈ కరెంటు వల్ల నదికి వచ్చే నష్టమేమీ లేదని ఇంజినీర్లూ ప్రభుత్వాలూ చాలాకాలం నమ్మారు. ఊళ్లు మునగడం, అడవి మునగడం, జనం చెల్లాచెదురు కావడం కళ్లెదుట కనిపించాయి కాబట్టి ఆనకట్టల మీద చర్చంతా ఎగువ ముంపు చుట్టూ తిరిగింది. దిగువన జరిగే నష్టం నీటి అడుగున జరుగుతుంది. అక్కడ నష్టపోయేవి చేప పిల్లలు, పురుగుల గుడ్లు. వాటి తరఫున అర్జీ పెట్టేవాళ్లు లేకపోయారు.

నదికి ఏడాదిలో ఎన్ని టీఎంసీలు అందాయన్న లెక్క ఒక్కటే చేపకు సరిపోదు. ఆ నీరు ఏ నెలలో వచ్చింది, గంటలో ఎంత ఎత్తు లేచింది, ఎంత త్వరగా తీసిపోయింది, ఎంత చల్లగా ఉంది, ఒండ్రు తెచ్చిందా, ఊపిరికి చాలినంత గాలి అందులో ఉందా అన్నవన్నీ దాని బతుకును నిర్ణయిస్తాయి. ఆనకట్ట లేనప్పుడు వీటిని వానలూ ఎండలూ మంచూ నడిపేవి. ఆనకట్ట కట్టాక కరెంటు వాడకం నడుపుతుంది. జలవిద్యుత్ విడుదలల మీద గత కొన్ని దశాబ్దాల్లో జరిగిన పరిశోధన అంతా ఈ మార్పు చుట్టూనే తిరుగుతోంది.

నీరు వదిలే దారులు

ఆనకట్ట నుంచి దిగువకు నీరు ప్రధానంగా రెండు దారుల్లో వస్తుంది. మొదటిది పెన్‌స్టాక్ అనే లావాటి గొట్టాల గుండా టర్బైన్ల మీదికి, అక్కణ్నుంచి నదిలోకి. రెండోది జలాశయం నిండినప్పుడు స్పిల్‌వే మీదుగా. మన పత్రికల్లో ‘క్రస్ట్ గేట్లు ఎత్తారు’ అని రాసేది ఈ రెండో దాని గురించే. శ్రీశైలంలో గేట్లెత్తిన రోజు జనం కార్లు కట్టుకుని చూడ్డానికి వెళ్తారు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో కుడిగట్టున 770 మెగావాట్ల కేంద్రం, ఎడమగట్టున 900 మెగావాట్ల భూగర్భ కేంద్రం వదిలే నీటిని ఎవరూ చూడరు. నది రోజువారీ బతుకు మాత్రం ఆ కనిపించని విడుదల మీదే ఆధారపడి ఉంది.

బొగ్గు కేంద్రాన్ని చల్లారిన స్థితి నుంచి పూర్తి ఉత్పత్తికి తేవడానికి గంటలు పడుతుంది. నీటి టర్బైన్‌కు కొద్ది నిమిషాలు చాలు. అందువల్ల గ్రిడ్ నడిపేవాళ్లు జలవిద్యుత్తును అవసరం ముంచుకొచ్చే వేళ కోసం అట్టేపెట్టుకుంటారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు యూనిట్లన్నీ తిప్పుతారు, అర్ధరాత్రి దాటాక ఆపేస్తారు. దిగువన నది ప్రతిరోజూ ఒకసారో రెండుసార్లో పొంగి, మళ్లీ తీసిపోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని హైడ్రోపీకింగ్ అంటారు. సముద్రం ఒడ్డున పోటు, పాటు తెలిసినవాళ్లకు దీన్ని కరెంటు పోటు అంటే వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే సముద్రపు పోటు చంద్రుణ్ని బట్టి వస్తుంది, అక్కడి జీవులు లక్షల ఏళ్లుగా దానికి అలవాటు పడ్డాయి. కరెంటు పోటు గిరాకీని బట్టి వస్తుంది. ఆదివారం ఒకలా, సోమవారం ఒకలా ఉంటుంది. సౌర విద్యుత్తు పెరిగే కొద్దీ పొద్దు వాలగానే గ్రిడ్‌లో పడే గుంతను పూడ్చే పని జలవిద్యుత్తు మీద పడుతోంది కాబట్టి ఈ పోటు ఇంకా పదునెక్కుతోంది.

హిమాలయాల్లో మరో పద్ధతి ఎక్కువ. చిన్న ఆనకట్టతో నీటిని మళ్లించి, కొండలో తొలిచిన సొరంగం గుండా కొన్ని కిలోమీటర్లు తీసుకెళ్లి, పల్లంలో టర్బైన్ మీదికి దింపుతారు. పెద్ద జలాశయం లేదు కాబట్టి ఇది నదికి మేలని పేరు. కానీ ఆనకట్టకూ విద్యుత్ కేంద్రానికీ నడుమ ఉన్న అసలు నది ఎండాకాలంలో రాళ్ల వరసగా మిగులుతుంది.

నీరు తీసిపోయినప్పుడు

నీరు పెరిగేటప్పటికంటే తగ్గేటప్పుడే చేప పిల్లకు ప్రమాదం ఎక్కువ. గుడ్డులోంచి వచ్చి కొన్ని వారాలే అయిన పిల్ల నది నడుమ ఉండదు. అక్కడ ప్రవాహం దాన్ని కొట్టుకుపోతుంది, పెద్ద చేపలు మింగేస్తాయి. ఒడ్డు వెంట అరచేతి లోతు నీటిలో, గులకరాళ్ల సందుల్లో అది తలదాచుకుంటుంది. విద్యుత్ కేంద్రం యూనిట్లు ఆపగానే మొదట ఖాళీ అయ్యేది ఆ అరచేతి లోతే. పిల్ల వెనక్కి, లోతుకు పోయే లోగా నీరు రాళ్ల కిందికి ఇంకిపోతుంది. కొన్ని పిల్లలు తడి రాళ్ల నడుమ అక్కడికక్కడే చిక్కుతాయి. కొన్ని పల్లపు పడియల్లో మిగులుతాయి. ఎండకు ఆ పడియ వేడెక్కుతుంది, లేకపోతే పక్షుల కంట పడుతుంది. సాయంత్రానికి మళ్లీ నీరు వస్తుంది గానీ అప్పటికే పని అయిపోయి ఉంటుంది. ఒక్కొక్క రోజు చచ్చేవి కొన్నే. ఏడాదికి మూడు వందల రోజులంటే ఒక తరం.

నార్వేలో ట్రోన్‌హైమ్ గుండా పారే నిదేల్వా నదిలో సాల్మన్, ట్రౌట్ పిల్లల మీద దీన్ని ప్రయోగాలు చేసి చూశారు. నీటిమట్టం గంటకు 10 సెంటీమీటర్లకు మించకుండా నెమ్మదిగా దిగితే చిక్కుకుపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గుతుందని తేలింది. ఇంకొక సంగతి కూడా బయటపడింది. చలికాలంలో పగటిపూట సాల్మన్ పిల్లలు రాళ్ల కింద దూరి కదలకుండా ఉంటాయి, చీకటి పడ్డాక బయటికి వస్తాయి. కాబట్టి శీతాకాలంలో నీటిని పగలు తగ్గిస్తే అవి రాళ్ల కిందే చిక్కుతాయి, రాత్రి తగ్గిస్తే లోతుకు ఈదుకుపోతాయి. అదే నీరు, అదే తగ్గుదల. వేళ మారితే ప్రాణాలు దక్కుతాయి.

ఈ మెలకువను పెద్ద ఎత్తున వాడినది అమెరికాలో కొలంబియా నది మీద. ప్రీస్ట్ రాపిడ్స్ డ్యాం దిగువన హాన్‌ఫర్డ్ రీచ్ అని సుమారు 80 కిలోమీటర్ల మేర నది జలాశయంగా మారకుండా మిగిలింది. శరదృతువులో చినూక్ సాల్మన్ అక్కడ గుడ్లు పెడుతుంది. ఆడ చేప తోకతో గులకరాళ్లు తవ్వి గూడు చేసి, గుడ్లు పెట్టి, మళ్లీ రాళ్లు కప్పుతుంది. పగటి వేళ విద్యుత్తు కోసం నీరు ఎక్కువగా వదిలితే చేపలు ఎత్తుగా ఉన్న అంచుల మీదికి వచ్చి గూళ్లు కట్టేవి, తర్వాత నీరు తగ్గగానే ఆ గూళ్లు నీరు లేక బయటపడేవి. ఈ చేపలు ఎక్కువగా పగలే గుడ్లు పెడతాయి. దాన్ని పట్టుకుని విద్యుత్ సంస్థలు, మత్స్య శాఖలు, స్థానిక తెగలు కలిసి 1988లో వెర్నిటా బార్ ఒప్పందం చేసుకున్నాయి. గుడ్లు పెట్టే వారాల్లో పగలు నీరు తక్కువగా వదిలి రాత్రి ఎక్కువగా వదులుతారు. గిరాకీ పగలుంటే ఉత్పత్తి రాత్రి. చేపలు లోతట్టునే గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలు బయటికి వచ్చేదాకా ఆ గూళ్ల మీద నీరు తగ్గకుండా చూస్తారు. తర్వాత 2004లో పిల్లలు పెరిగే కాలానికి కూడా రక్షణ పెంచారు. కొలంబియా పరీవాహకంలో సహజంగా పుట్టి పెరిగే సాల్మన్ చాలా చోట్ల అంతరించే స్థితికి వస్తే, హాన్‌ఫర్డ్ రీచ్ చినూక్ మాత్రం బలంగా నిలబడింది. చేప అలవాటు తెలుసుకుని, దాన్ని మన్నించి యంత్రాన్ని నడిపితే ఎంత దక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వచ్చే నీరు మనుషులనూ వదలదు. 2014 జూన్ 8 సాయంత్రం హిమాచల్ ప్రదేశ్‌లో మండి జిల్లా థలౌట్ దగ్గర, విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో రాళ్ల మీద దిగి ఫొటోలు తీసుకుంటున్నారు. ఎగువన 126 మెగావాట్ల లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు ఆనకట్ట నుంచి గేట్లెత్తి వదిలిన నీరు వాళ్లను ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వెంట ఉన్న టూర్ నిర్వాహకుడు ప్రాణాలు కోల్పోయారు. మృతదేహాల కోసం వారాల తరబడి వెతికారు. ఆ వీడియోలు చూసిన తెలుగువాళ్లెవరూ వాటిని మరిచిపోలేదు. ప్రవాహం తక్కువగా ఉన్నప్పుడు తేలిన రాళ్లు అక్కడ నది ఎప్పుడూ అలాగే ఉంటుందన్నట్టు కనిపిస్తాయి. ఆనకట్ట దిగువన అలా అనుకోవడానికి వీల్లేదు. నిమిషాల్లో నది మారిపోతుంది. బియాస్ ఒడ్డున ఆ సాయంత్రం పిల్లలకు జరిగింది, నీటి అంచున బతికే చిన్న జీవులన్నిటికీ దాదాపు రోజూ జరుగుతోంది.

చలి, ఊపిరి, గాలి బుడగలు

లోతైన జలాశయంలో నీరు పొరలు పొరలుగా ఉంటుంది. పైపొర ఎండకు వెచ్చబడుతుంది. అడుగు పొర చల్లగా, చీకటిగా, గాలి తగలకుండా ఉంటుంది. అక్కడ కుళ్లే ఆకులూ మట్టీ ప్రాణవాయువును తినేస్తాయి. పెన్‌స్టాక్ ముఖం లోతుగా ఉంటే దిగువ నదికి వేసవిలోనూ ఆ అడుగు నీరే అందుతుంది. గుడ్లు పెట్టడానికి నీరు వెచ్చబడటం కోసం చూసే చేపలు ఎదురుచూస్తూనే ఉండిపోతాయి. ప్రాణవాయువు తక్కువైతే చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మన చేపల చెరువుల రైతులకు ఆ దృశ్యం బాగా తెలుసు. అమెరికాలో టెనెసీ లోయ ప్రాధికార సంస్థ 1991లో తన 16 డ్యాంల దిగువన కనీస ప్రవాహం, ప్రాణవాయువు పెంచే పని మొదలుపెట్టింది. టర్బైన్లలోకి గాలిని పీల్చే ఏర్పాట్లు చేసింది, కొన్ని జలాశయాల అడుగున గొట్టాలు పరిచి ఆక్సిజన్ వదిలింది. మన దామోదర్ లోయ సంస్థకు నమూనా ఆ సంస్థే. నమూనా తెచ్చుకున్నవాళ్లం ఈ దిద్దుబాటును కూడా తెచ్చుకోవాల్సింది.

చల్లటి నీరు అన్ని చోట్లా చెడు కాదు. కాలిఫోర్నియాలో శాస్తా డ్యాం దిగువన శీతాకాలపు చినూక్ సాల్మన్ వేసవిలో గుడ్లు పెడుతుంది. వాటికి చల్లటి నీరే కావాలి, వెచ్చబడితే గుడ్లు చచ్చిపోతాయి. కాబట్టి అక్కడ 1997లో ఏ లోతు నుంచి కావాలంటే ఆ లోతు నుంచి నీరు తీసుకునే ఉక్కు కట్టడం ఒకటి డ్యాం ముఖానికి తగిలించారు. ఏ నదికి ఏది సహజమో అదే దానికి మంచి. ఈ రంగంలో అన్ని చోట్లా చెల్లే సూత్రం ఇదొక్కటే.

స్పిల్‌వే మీదుగా దూకే నీటికి వేరే ప్రమాదం ఉంది. గాలిని కలుపుకుని అది లోతైన మడుగులోకి పడినప్పుడు అడుగున ఒత్తిడికి ఆ గాలి నీటిలో కరిగిపోతుంది. ఆ నీటిలో ఈదిన చేప రక్తంలో, మొప్పల్లో, కంటి చుట్టూ బుడగలు లేస్తాయి. లోతు నుంచి గబుక్కున పైకి తేలిన గజ ఈతగాడికి వచ్చే జబ్బు లాంటిదే ఇదీ. చేప లోతుకు పోగలిగితే కొంత తప్పించుకుంటుంది, ఒక్కొక్క మీటరు లోతుకు సుమారు పది శాతం అదనపు వాయువును నీటి ఒత్తిడి పట్టి ఉంచుతుంది. లోతులేని చోట చిక్కినవి చనిపోతాయి. కొలంబియా మీద డ్యాంల స్పిల్‌వేల కింద అంచులు కట్టి, నీరు లోతుకు దూకకుండా ఉపరితలం వెంట జారేలా చేశారు.

పూడిక కడగడం మరొకటి. జలాశయంలో చేరిన బురదను అడుగు గేట్లు తెరిచి ఒక్కసారిగా తోసేస్తే మొప్పలు పూడుకుపోతాయి, గుడ్ల మీద బురద పరుచుకుంటుంది. జపాన్‌లో కురోబే నది మీద 1991లో ఒక డ్యాం నుంచి ఇలా వదిలిన నల్లటి బురద తొయామా అఖాతం దాకా వెళ్లి జాలర్ల ఆగ్రహానికి కారణమైంది. తర్వాత పూడికను వరద రోజుల్లోనే, వరద నీటితో కలిపి వదిలే పద్ధతికి వచ్చారు.

కొలరాడో

డ్యాం దిగువన ఇంత శ్రద్ధగా, ఇంతకాలం అధ్యయనం చేసిన నది మరొకటి ఉందనుకోను. అరిజోనా ఉత్తరపు అంచున కొలరాడో మీద 710 అడుగుల గ్లెన్ కాన్యన్ డ్యాం 1963లో నీరు నిలపడం మొదలుపెట్టింది. దాని వెనక లేక్ పావెల్, దిగువన 25 కిలోమీటర్లు పోతే లీస్ ఫెర్రీ, అక్కణ్నుంచి గ్రాండ్ కాన్యన్. అమెరికాలోనూ ప్రవాహాన్ని సెకనుకు ఘనపుటడుగుల్లోనే కొలుస్తారు కాబట్టి మన క్యూసెక్కుల లెక్క యథాతథంగా సరిపోతుంది.

డ్యాం రాక ముందు రాకీ పర్వతాల మంచు కరిగే మే, జూన్ నెలల్లో 80 వేల క్యూసెక్కులు దాటే వరద మామూలు. శీతాకాలానికి కొద్ది వేలకు తగ్గేది. చలిలో గడ్డకట్టే స్థాయికి చేరే నీరు వేసవిలో 27 డిగ్రీల దాకా వెచ్చబడేది. ఎర్రమట్టితో చిక్కగా పారేది. కొలరాడో అన్న స్పానిష్ మాటకే ఎర్రటిది అని అర్థం. ఆ ఒరవడికి, ఆ మురికికి తగ్గట్టు ఒళ్లు మలచుకున్న చేప హంప్‌బ్యాక్ చబ్. తల వెనక మూపురం, చిన్న కళ్లు, సన్నటి తోక మొదలు, పెద్ద రెక్కలు. డ్యాం తర్వాత నీరు ఏడాది పొడవునా 8 నుంచి 10 డిగ్రీల దగ్గర ఆగిపోయింది. ఇసుక జలాశయంలో ఉండిపోయింది. దిగువన అద్దంలాంటి ఆకుపచ్చ నీరు మిగిలింది. చబ్ గుడ్లు పెట్టడానికి కనీసం 16 డిగ్రీలు కావాలి. పక్క నుంచి వచ్చి కలిసే లిటిల్ కొలరాడో అనే ఉపనది వెచ్చగా ఉండటం వల్ల అది పూర్తిగా అంతరించకుండా అక్కడ పట్టుకుని వేలాడింది. 1967లోనే దాన్ని అంతరించే జాబితాలో చేర్చారు. చల్లటి నీటిలో మాత్రం బయటినుంచి తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ బాగా పెరిగింది, గాలాల వేటగాళ్లకు లీస్ ఫెర్రీ పేరుపడ్డ చోటైంది. ఒక చేప పోయింది, ఒక చేప వచ్చింది అని సరిపెట్టుకోలేం. ట్రౌట్ ప్రపంచమంతా ఉంది, చబ్ ఈ ఒక్క నది పరీవాహకంలోనే ఉంది.

1990 దశకం మొదటిదాకా ఈ డ్యాం ఒకే రోజులో కొద్ది వేల క్యూసెక్కుల నుంచి 30 వేల దాకా ఊగేది. రాత్రి ఇసుక తిన్నె మీద పడవ కట్టి పడుకున్న యాత్రికులు పొద్దున లేచేసరికి పడవ నీటికి దూరంగా పొడి ఇసుక మీద ఉండేది. 1992లో అమెరికా కాంగ్రెస్ గ్రాండ్ కాన్యన్ రక్షణ చట్టం చేసింది. 1996 నుంచి మామూలు రోజుల్లో 25 వేలు దాటకూడదని, గంటలో పెంపు 4 వేలు, తగ్గింపు 1,500 క్యూసెక్కులు మించకూడదని నిబంధన పెట్టారు. తగ్గింపు మీద కట్టుబాటు ఎక్కువగా ఉండటం గమనించాలి.

అదే 1996లో మార్చి చివర మరో ప్రయోగం చేశారు. ఏడు రోజులపాటు 45 వేల క్యూసెక్కులు వదిలారు. నది అడుగున పడి ఉన్న ఇసుకను లేపి ఒడ్లమీద తిన్నెలు వేయాలన్నది ఆలోచన, ఎందుకంటే ఆ తిన్నెల వెనక ఏర్పడే వెచ్చటి నిలవ నీళ్లే చబ్ పిల్లలకు పొత్తిళ్లు. తిన్నెలు వేగంగా లేచాయి, కొద్ది నెలల్లోనే కోసుకుపోయాయి. నది అడుగున ఇసుక నిలవ అనుకున్నంత లేదని, డ్యాం దిగువన కలిసే పరియా నది వానాకాలంలో ఇసుక తెచ్చిన వెంటనే వరద వదిలితేనే ఫలితమని అప్పుడు తెలిసింది. 2004, 2008 ప్రయోగాలను, 2012 తర్వాత వాటిని అలా ఇసుక రాక చూసుకునే జరిపారు.

నాకు అన్నిటికంటే మనసుకు పట్టింది పురుగుల కథ. గ్రాండ్ కాన్యన్‌లో చేపలకు తిండి చాలడం లేదు. ఇతర నదుల్లో దండిగా ఉండే మేఫ్లై, కాడిస్‌ఫ్లై వంటి నీటి పురుగులు ఇక్కడ దాదాపు లేవు. ఎందుకు? వీటిలో ఎక్కువ జాతులు సాయంత్రం వేళ ఒడ్డుకు వచ్చి, నీటి అంచున రాళ్లకు, నీరు తగిలే చోట గుడ్లు అతికిస్తాయి. ఆ సాయంత్రం నీరు ఎత్తుగా ఉంటే మర్నాటికి అది తీసిపోయి గుడ్లు ఎండకు మాడిపోతాయి. డ్యాం వదిలిన పోటు లోయ పొడవునా అలలా ప్రయాణిస్తుంది. ఒకచోట సాయంత్రానికి పోటు, కొన్ని పదుల మైళ్ల దిగువన సాయంత్రానికి పాటు. లోయ గుండా తెప్పల మీద వెళ్లే గైడ్లకు చిన్న దీపపు ఉచ్చులు ఇచ్చి రోజూ పొద్దు గూకాక ఒక గంట ఒడ్డున పెట్టించారు. నల్లదీపం వెలుగుకు వచ్చిన పురుగులు కింది పళ్లెంలో పడతాయి, వాటిని సీసాలో పోసి పరిశోధకులకు ఇస్తారు. అలా ఏళ్ల తరబడి పోగైన సీసాలను లెక్కపెడితే, సాయంత్రానికి నీరు తక్కువగా ఉండే చోట్ల పురుగులు ఎక్కువ, ఎక్కువగా ఉండే చోట్ల తక్కువ అని తేలింది. 2016లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. 2018 వేసవిలో మే నుంచి ఆగస్టు దాకా శని, ఆదివారాలు నీటిని తక్కువగా, నిలకడగా వదిలారు. వారాంతంలో కరెంటు గిరాకీ తక్కువ కాబట్టి నష్టమూ తక్కువ. ఆ రెండు రోజుల్లో పెట్టిన గుడ్లు సోమవారం నుంచి ఇంకా లోతు నీటిలోకి పోతాయే తప్ప ఎండవు. దీన్ని పురుగుల ప్రవాహం అనే అర్థంలో బగ్ ఫ్లో అన్నారు. పురుగుకు వారానికి రెండు సెలవు రోజులు దొరికాయి.

ఇక్కడితో కథ సుఖంగా ముగియలేదు. కరువుల వల్ల లేక్ పావెల్ మట్టం పడిపోయి, పైపొర వెచ్చటి నీరు పెన్‌స్టాక్‌ల దాకా దిగింది. నీరు వెచ్చబడటం చబ్‌కు మేలు చేసింది, 2021లో దాన్ని అంతరించే జాబితా నుంచి ఒక మెట్టు తగ్గించి ప్రమాదంలో ఉన్న జాతిగా మార్చారు. కానీ ఆ వెచ్చటి నీటితోనే జలాశయంలోని స్మాల్‌మౌత్ బాస్ అనే వేటచేప టర్బైన్లు దాటి దిగువకు వచ్చింది. 2022లో డ్యాం కింద దాని పిల్లలు కనిపించాయి. అది చబ్ పిల్లలను తినేస్తుంది. 2024 వేసవిలో టర్బైన్లను తప్పించే లోతైన గొట్టాల గుండా చల్లటి నీటిని కలిపి వదిలి, బాస్ గుడ్లు పెట్టకుండా ఆపారు. ఆ మేరకు విద్యుత్తు వదులుకున్నారు. ఒకప్పుడు చబ్‌ను దెబ్బతీసిన చలినే ఇప్పుడు చబ్ కోసం వాడాల్సి వచ్చింది.

వరద కబురు

చాలా నదీ చేపలకు వరద అంటే పెళ్లి ముహూర్తం. మన బొచ్చె, రాగండి వానాకాలపు కొత్త నీరు పొంగినప్పుడే నదుల్లో గుడ్లు పెడతాయి. చైనాలో యాంగ్సీ నది మీద గడ్డి చేప, వెండి చేపలతో సహా నాలుగు పేరున్న కార్ప్ జాతులు మే, జూన్ నెలల్లో నీరు 18 డిగ్రీలు దాటి, మట్టం రోజురోజుకూ పెరుగుతుంటేనే గుడ్లు వదులుతాయి. 2003లో త్రీ గోర్జెస్ జలాశయం నిలవడంతో ఆ పెరుగుదల చదునైపోయి గుడ్లు భారీగా పడిపోయాయి. 2011 నుంచి ఏటా ఆ రోజుల్లో విడుదలను మెట్లు మెట్లుగా పెంచి చిన్న వరదను తయారు చేస్తున్నారు, కార్ప్‌లు స్పందిస్తున్నాయి. స్టర్జన్ అనే చేపకు మాత్రం 1981లో గెజౌబా డ్యాం ఎగువకు దారి మూసేసింది. యాంగ్సీ తెడ్డుచేప ఇక లేదని 2022లో ప్రకటించారు. విడుదల ఎంత చక్కగా చేసినా, దారి మూసుకుపోయిన చేపకు అది అందదు. అమెరికాలో ఎల్వా నది మీద రెండు డ్యాంలను 2011 నుంచి 2014 మధ్య, క్లమత్ మీద నాలుగింటిని 2024 నాటికి తీసేశారు. క్లమత్ చివరి డ్యాం పోయిన కొద్ది వారాలకే సాల్మన్ ఎగువకు ఈదుకొచ్చింది.

నియమాల సంగతి కొంత. స్విట్జర్లాండ్ 2011లో జలరక్షణ చట్టాన్ని సవరించి, కరెంటు పోటు వల్ల కలిగే నష్టాన్ని 2030 లోగా సరిదిద్దాలని విద్యుత్ కేంద్రాలకు గడువు పెట్టింది. అక్కడ ఎక్కువగా చేస్తున్న పని విద్యుత్ కేంద్రం దిగువన చిన్న జలాశయం కట్టి, పోటును అందులో పట్టి, నదికి నిదానంగా వదలడం. మన దేశంలో 2018 అక్టోబర్ 9న గంగ ఎగువ భాగానికి పర్యావరణ ప్రవాహాల ఉత్తర్వు వచ్చింది. నవంబర్ నుంచి మార్చి దాకా సహజ ప్రవాహంలో 20 శాతం, అక్టోబర్, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా 30 శాతం వదలాలి. గంగ కోసం 111 రోజులు నిరాహార దీక్ష చేసిన ప్రొఫెసర్ జి.డి. అగర్వాల్ ఆ ఉత్తర్వు వచ్చిన రెండు రోజులకు చనిపోయారు. ఆయన అడిగింది ఇంతకంటే చాలా ఎక్కువ. ఆ ఉత్తర్వు పరిమాణాన్ని కొలిచింది. గంట గంటకూ మట్టం ఎంత మారవచ్చన్నది దాని పరిధిలోకి రాలేదు. బియాస్ తర్వాత కూడా రాకపోవడం బాధాకరం.

కృష్ణా, గోదావరి

తెలుగునాట జలవిద్యుత్ విడుదల అంటే రెండు రాష్ట్రాల వాటాల తగవు. 2021 వేసవి చివర శ్రీశైలం, సాగర్, పులిచింతలలో విద్యుదుత్పత్తి మీద వచ్చిన వివాదంలో అందరూ వాడిన మాట ‘సముద్రంలో వృథాగా కలిసిపోతున్న నీరు’. డెల్టా రైతు బాధ నిజమైనదే, నారుమడికి దక్కాల్సిన నీరు ముందే పోతే అతను మాట్లాడకుండా ఎలా ఉంటాడు? అయినా సముద్రంలో కలిసే నీరంతా వృథా అన్న మాట చేప విషయంలో తప్పు. బంగాళాఖాతంలో విలసగా తిరిగే చేప జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు సముద్రాన్ని తాకగానే ఆ కబురు అందుకుని గోదావరిలోకి ఎదురీది పులస అవుతుంది. ఆ నీరు రాకపోతే దానికి కబురే లేదు. గంగలో ఇదే జాతి ఒకప్పుడు ఆగ్రా, ఢిల్లీ దాకా ఎక్కేది. 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువన దాదాపు కనుమరుగైంది. గోదావరిలో ధవళేశ్వరం ఆనకట్ట 1852 నుంచి ఉంది, పులస వేట ఇప్పుడు ప్రధానంగా దాని దిగువనే.

నాగార్జునసాగర్ దిగువన టెయిల్‌పాండ్ ఉంది. టర్బైన్లు వదిలిన నీటిని నిలిపి, రివర్సిబుల్ యూనిట్లతో మళ్లీ పైకి తోడటం కోసం దాన్ని కట్టారు. స్విట్జర్లాండ్ డబ్బు పోసి కట్టుకుంటున్నది ఇలాంటి జలాశయాన్నే. విద్యుత్తు కోసం కట్టిన దాన్ని పోటు తగ్గించడానికి కూడా నడపవచ్చు, గేట్ల నిర్వహణలో ఒక నిబంధన చేరిస్తే చాలు. మాచ్‌ఖండ్, ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రాలు వరసగా ఒకదాని నీటిని ఒకటి వాడుకుంటాయి. చివరికి ఆ నీరు శబరిలో, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మన్యంలో ఆ ఏటి ఒడ్డున వలలు వేసేవాళ్లకు యూనిట్లు తిరిగే వేళలు ముందే తెలిసేలా చేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

పోలవరం స్పిల్‌వేలో పులస కోసం చేపల నిచ్చెన కట్టారు. పులస అక్కడిదాకా రావాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి, పైగా అది సాల్మన్‌లా గెంతే చేప కాదు. నిచ్చెనలో ప్రవాహం దాని ఈతకు తగ్గట్టు మెత్తగా ఉండాలి. పోలవరం జలవిద్యుత్ కేంద్రం 12 యూనిట్లతో 960 మెగావాట్లది. గోదావరికి పది లక్షల క్యూసెక్కులు వచ్చే రోజుల్లో ఆ యూనిట్ల నీరు లెక్కలోకి రాదు. వరద తీసి, పొదిగిన పిల్లలు ఒడ్డు వెంట లోతులేని నీటిలో పెరుగుతూ సముద్రానికి దిగే నెలల్లో మాత్రం ఏ యూనిట్ ఏ వేళకు ఆగిందో, నీరు గంటకు ఎన్ని సెంటీమీటర్లు దిగిందో లంకల అంచుల్లో తెలుస్తుంది. యూనిట్ల నిర్వహణ పట్టిక ఖరారు చేసేటప్పుడు ఆ నెలలకు ఒక వరుస, గంటకు ఇంత అన్న అంకెతో, అందులో ఉండాలి.